చేపల కొలాజెన్ పొడా, నెత్తళ్ళా, మాత్రలా? కాల్షియం, ఐరన్ ఒంటికి పట్టాలంటే దేనికి డబ్బు పెట్టాలి

నెల్లూరు పొగతోటలో మా మందుల షాపుకి వచ్చే ఆడవాళ్ళు ఈమధ్య డాక్టర్ చీటీతో పాటు ఫోన్‌లో ఒక డబ్బా ఫోటో కూడా చూపిస్తున్నారు. చేప చర్మం, పొలుసుల నుంచి తీసిన కొలాజెన్ పెప్టైడ్ల పొడి. దీన్ని రోజూ తాగితే తిన్న కాల్షియం, ఐరన్, జింక్ వృథా కాకుండా ఒంటికి పడతాయని ప్రచారం. డబ్బా వెయ్యి పైచిలుకు నుంచి రెండు వేలు దాటిన దాకా ఉంది. రోజుకి 10 గ్రాముల లెక్కన 250 గ్రాముల డబ్బా నెల తిరక్కముందే, 25 రోజులకే ఖాళీ.

అమ్మితే నాకూ నాలుగు రూపాయలు మిగులుతాయి. అయినా నా మాట ముందే చెప్పేస్తా. చేప తినే ఇంట్లో ఖనిజాల కోసమని పెట్టే ఖర్చుల్లో ఈ పొడి మూడోదో నాలుగోదో కావాలి గానీ మొదటిది కాకూడదు. కొందరికి పనికొచ్చే మాట నిజమే. కొందరు అసలు దాని జోలికే పోకూడదు.

పొడిలో ఏముంది, ఏం లేదు

కొలాజెన్ అనేది చేప చర్మంలో, పొలుసులో, ముల్లులో ఉండే పొడవాటి ప్రోటీన్. అణుభారం దాదాపు 3 లక్షల డాల్టన్లు. నీళ్ళలో ఉడికితే అది జెలటిన్ అవుతుంది. రాత్రి వండిన తలకాయ పులుసుని ఫ్రిజ్‌లో పెట్టి తెల్లారి మూత తీస్తే చిక్కగా గడ్డకట్టి, గరిటె పెడితే వణుకుతుంది చూడండి, ఆ జిగురంతా అదే. ఫ్యాక్టరీలో ఈ జెలటిన్‌ని ఎంజైములతో ఇంకా చిన్న ముక్కలుగా కోస్తారు. అవే పెప్టైడ్లు. సాధారణంగా 2000 నుంచి 5000 డాల్టన్ల మధ్య ఉంటాయి. చల్లటి నీళ్ళలో కూడా కరుగుతాయి, ఫ్రిజ్‌లో పెట్టినా గడ్డకట్టవు. మన దేశంలో కొచ్చిలోని కేంద్ర మత్స్య సాంకేతిక సంస్థ వాళ్ళు కూడా చేపల మార్కెట్లో పారేసే పొలుసుల నుంచి దీన్ని తీసే పద్ధతి తయారుచేశారు.

డబ్బా మీద పెద్దక్షరాల్లో రాయని సంగతి ఒకటుంది. ఈ పొడిలో కాల్షియం దాదాపు ఉండదు. పొలుసులో సహజంగా కాల్షియం ఫాస్ఫేట్ దండిగా ఉంటుంది గానీ, కొలాజెన్ తీయడానికి ముందు పొలుసుని ఆమ్లంలో నానబెట్టి ఆ ఖనిజాన్నంతా కడిగేస్తారు. కాబట్టి దీన్ని పొద్దున్నే పరగడుపున గ్లాసుడు నీళ్ళలో కలుపుకుని తాగితే ఖనిజాల సంగతిలో ఒరిగేదేమీ లేదు. పట్టించడానికి పక్కన కాల్షియమో జింకో ఉండాలి కదా. పొడి పనిచేయాలంటే భోజనంతోనే పడాలి.

మరి ఆ ప్రచారం ఎక్కడి నుంచి వచ్చింది? గాలి కబురైతే కాదు. కాల్షియం కడుపులోని ఆమ్లంలో బాగానే కరుగుతుంది. చిన్నపేగులోకి దిగాక అక్కడి క్షార గుణం వల్ల ఫాస్ఫేట్‌తోనో, పప్పులూ దంపుడు బియ్యం రాగుల్లో ఉండే ఫైటేట్‌తోనో కలిసి కరగని మడ్డిగా మారుతుంది. మడ్డి అయిన కాల్షియం పేగు గోడ దాటదు. కొలాజెన్ పెప్టైడ్లలో ఆస్పార్టిక్, గ్లుటామిక్ ఆమ్లాలున్న చోట్లు కాల్షియాన్ని పట్టుకుని, కరిగిన స్థితిలోనే కొంత దూరం లాక్కుపోతాయి. జింక్, ఐరన్‌లతో కూడా ఇట్లాంటి బంధమే ఏర్పడుతుంది. అయితే దీన్ని చూపిన పరిశోధనల్లో ఎక్కువ భాగం గాజుపాత్రల్లో, పెంచిన పేగు కణాల మీద, ఎలుకల మీద చేసినవే. అక్కడి ఫలితాన్ని ఎత్తుకొచ్చి నెల్లూరు మనిషి కంచంలో పెట్టేముందు కాస్త ఆగాలి.

ఇంకోటి. ఇదే పని పాలు ఎప్పటి నుంచో చేస్తున్నాయి. పాలలోని కేసిన్ అనే ప్రోటీన్ జీర్ణమయ్యేటప్పుడు ఫాస్ఫోపెప్టైడ్లు పుడతాయి. అవి కాల్షియాన్ని కరిగిన స్థితిలో పట్టి ఉంచుతాయి. పైగా పట్టించాల్సిన కాల్షియం కూడా అందులోనే ఉంది. గేదె పాలలో 100 మిల్లీలీటర్లకి దాదాపు 120 మిల్లీగ్రాములు. గడ్డ పెరుగు వేసుకుని అన్నం తినేవాళ్ళకి పొడి కొత్తగా చేసిపెట్టేది తక్కువ.

నెత్తళ్ళతో పోలిస్తే

భారత వైద్య పరిశోధన మండలి 2020 లెక్క ప్రకారం పెద్దవాళ్ళకి రోజుకి 1000 మిల్లీగ్రాముల కాల్షియం కావాలి. వంజరం ముక్కలో, చందువ ముక్కలో కండ తిని ముల్లు పక్కన పెడతాం కాబట్టి అందులో వచ్చే కాల్షియం నామమాత్రం. ముల్లుతో సహా నమిలి మింగే చేపల సంగతి వేరు. మైపాడు, జువ్వలదిన్నె, కొత్తపట్నం ఒడ్డున దొరికే నెత్తళ్ళు, చిన్న కవళ్ళు, చెరువుల్లో దొరికే పరిగెలు అట్లాంటివే. బంగ్లాదేశ్ చిన్న చేపల మీద మనుషులతోనే చేసిన పరీక్షలో, మెత్తటి ముళ్ళలోని కాల్షియం దాదాపు పాలలోని కాల్షియం పట్టినంతగానూ పట్టిందని తేలింది.

ఇక్కడ గమనించాల్సింది, నెత్తలి ఒక్కదానిలోనే మూడూ ఉన్నాయి. ముల్లులో కాల్షియం, చర్మంలో కొలాజెన్, కండలో పూర్తి ప్రోటీన్. పొడి కంపెనీ వాళ్ళు విడదీసి ఒకటి అమ్ముతున్నది ఇందులోంచే. వండే పద్ధతిలో కూడా తేడా ఉంది. తల గిల్లి, పొట్టలోది లాగేసి, ఉప్పూ పసుపూ వేసి రుద్ది కడిగాక వెన్నుముల్లు తీయకుండా చింతపండు, పచ్చి మామిడికాయ ముక్కలు వేసి సన్న సెగ మీద పులుసు పెడితే పులుపుకి ముల్లు మెత్తబడుతుంది, నమలడం తేలిక. పళ్ళు సరిగా లేని పెద్దవాళ్ళకి వేపుడు కంటే పులుసే మేలు. పులుసు నీళ్ళలోకే కాల్షియమంతా దిగిపోతుందని మాత్రం అనుకోకండి. ముల్లు ఊసేసి పులుసు కలుపుకుంటే లాభం కొద్దిగానే.

ఎండు నెత్తళ్ళు కూడా మంచివే, ఉప్పు ఒక్కటే చిక్కు. బీపీ ఉన్నవాళ్ళు వేడినీళ్ళలో నానబెట్టి రెండుసార్లు నీళ్ళు మార్చి, కూరలో మళ్ళీ ఉప్పు వేయకుండా వండుకోవాలి. అంత చేసినా వారానికి ఒకటి రెండుసార్లకి మించి వద్దంటాను.

కనిగిరి, పామూరు, ఉదయగిరి వైపు వాళ్ళకి ఒక ప్రత్యేకమైన మాట. అక్కడి బోరు నీళ్ళలో ఫ్లోరైడ్ సమస్య తెలిసిందే. తాగే నీటికి ప్రమాణం లీటరుకి 1 మిల్లీగ్రాము, వేరే దారి లేనప్పుడు 1.5 వరకు. సముద్రపు చేప ముల్లులో ఫ్లోరైడ్ కూడా చేరి ఉంటుంది. కాబట్టి ఫ్లోరోసిస్ ఉన్న ఇంట్లో కాల్షియం కోసం ముళ్ళ చేపల మీదే ఆధారపడటం నాకు సమ్మతం కాదు. పాలు, పెరుగు, మజ్జిగ, మునగాకు, నువ్వులు ముందు. కాల్షియం తక్కువైనవాళ్ళలో ఫ్లోరైడ్ హాని ఎక్కువ కనబడుతుంది కాబట్టి అది తగ్గకుండా చూసుకోవడం అక్కడ ఇంకా ముఖ్యం. చింతపండు మానమని ఎవరైనా చెబితే వినకండి. చింతపండు తిన్న పిల్లల మూత్రంలో ఫ్లోరైడ్ ఎక్కువగా బయటికి పోయిందని హైదరాబాద్ జాతీయ పోషకాహార సంస్థ వాళ్ళే చూపారు.

ఐరన్ దగ్గర పొడి వెనకబడేది ఇక్కడే

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో మన రాష్ట్రంలో 15 నుంచి 49 ఏళ్ళ స్త్రీలలో 58.8 శాతం మందికి రక్తహీనత ఉన్నట్టు వచ్చింది. స్త్రీలకి రోజుకి 29 మిల్లీగ్రాముల ఐరన్ కావాలని సిఫారసు. అన్నం, పప్పు, ఆకుకూరలతో కొంత వస్తుంది గానీ, అందులో ఒంటికి పట్టేది చాలా తక్కువ.

చేపో మాంసమో అన్నంలో కలిస్తే అదే కంచంలోని పప్పు, ఆకుకూరల ఐరన్ కూడా ఎక్కువగా పడుతుందనేది 1960ల నుంచీ మనుషుల మీద పరీక్షించి తెలుసుకున్న విషయం. దీనికి కారణంగా ముఖ్యంగా చెప్పుకునేవి కండ ప్రోటీన్ జీర్ణమైనప్పుడు వచ్చే, సిస్టీన్ అనే అమైనో ఆమ్లం ఉన్న పెప్టైడ్లు. చర్మంలో, పొలుసులో ఉండే మొదటి రకం కొలాజెన్‌లో సిస్టీన్ లేదు. అంటే చేప కండ చేసే పనిని చేప చర్మపు పొడి అంతగా చేయలేదు. రెండు వేల డబ్బా బదులు అదే డబ్బుతో నెలంతా కానాగంతలూ రాగండీ కొనుక్కుని తోటకూర పప్పుతో పాటు తింటే ఐరన్‌కి అదే నయం. కంచం మీద గూడూరు నిమ్మకాయ ఒక చెక్క పిండితే ఇంకా మంచిది. విటమిన్ సి వేడికి పోతుంది కాబట్టి పొయ్యి మీద ఉన్నప్పుడు కాదు, తినబోయే ముందు పిండాలి.

పట్టకుండా అడ్డుపడేవాటిని తీసేయడం దీనికంటే చవక. అన్నంతో పాటో, తిన్న వెంటనేనో తాగే టీ ఆ పూట ఐరన్‌ని సగానికి పైగా అడ్డుకుంటుంది. గంటన్నర ఆగి తాగితే సరి. గ్యాస్ మాత్రని డాక్టర్ రెండు వారాలకి రాస్తే రెండేళ్ళు మింగేవాళ్ళు మా షాపుకి రోజూ వస్తారు. కడుపులో ఆమ్లం తగ్గితే ఐరన్, కాల్షియం కార్బొనేట్ రెండూ సరిగా కరగవు, బి12 కూడా తగ్గుతుంది. పొడి కొనేముందు ఆ మాత్ర ఇంకా అవసరమా అని డాక్టర్‌ని అడగండి.

పోయిన నెల అల్లూరు నుంచి ఒకామె వచ్చింది. "అన్నా, ఎన్ని నెలలు మింగినా రక్తం పెరగలేదు. ఈ చేపల పొడి కలిపితే మాత్ర పనిచేస్తుందంట, ఇయ్యి" అంది. ఎప్పుడు వేసుకుంటున్నావు తల్లీ అంటే, పొద్దున టిఫిన్ కాగానే ఎర్ర మాత్ర (ఐరన్), తెల్ల మాత్ర (కాల్షియం) రెండూ ఒకేసారి, కాఫీతో. కాల్షియం ఐరన్‌కి అడ్డు, కాఫీ ఇంకో అడ్డు. పొడి ఇవ్వలేదు. చీటీ వెనక వేళలు రాసిచ్చి, మళ్ళీ పరీక్ష చేయించుకుని డాక్టర్‌కి చూపించమన్నా.

మాత్రలతో పోలిస్తే

కాల్షియం బాగా తక్కువని తేలినవాళ్ళకి, గర్భిణులకి, మెనోపాజ్ దాటి ఎముకలు పలచబడ్డవాళ్ళకి డాక్టర్ రాసిన మాత్రకి బదులుగా ఏ పొడీ నిలబడదు. 1250 మిల్లీగ్రాముల కాల్షియం కార్బొనేట్ మాత్రలో అసలు కాల్షియం 500 మిల్లీగ్రాములు. ఒకసారికి అంతకంటే ఎక్కువ వేసుకుంటే పట్టే శాతం తగ్గుతుంది కాబట్టే రెండు పూటలకి విడగొడతారు. కార్బొనేట్‌ని అన్నంతో వేసుకోవాలి. గ్యాస్ మాత్ర మానలేనివాళ్ళకి సిట్రేట్ మేలు. దానికి కడుపులో ఆమ్లం అంతగా అక్కర్లేదు.

విటమిన్ డి చూడకుండా కాల్షియం గురించి మాట్లాడటం దండగ. డి తక్కువగా ఉన్నప్పుడు తిన్న కాల్షియంలో 10 నుంచి 15 శాతమే పడుతుంది, సరిపడా ఉంటే 30 నుంచి 40 శాతం. ఈ ఒక్క తేడా ముందు పెప్టైడ్లు తెచ్చే మేలు చిన్నది. మనకి ఎండకి కొదవ లేదుగా అంటారు. ఇంట్లోనో షాపులోనో కూర్చుని, బయటికొస్తే ఒళ్ళంతా కప్పుకుని స్కూటీ మీద పోయేవాళ్ళకి ఆ ఎండ ఏం చేస్తుంది? రక్తపరీక్షలో తక్కువని వస్తే డాక్టర్ చెప్పిన మోతాదులో వాడండి. 60 వేల యూనిట్ల క్యాప్సూల్ వారానికి ఒకటి అని రాస్తే రోజూ ఒకటి మింగేవాళ్ళు కూడా ఉన్నారు, అది ప్రమాదం.

అయితే పొడి ఎవరికి?

చేప వాసన పడక ముల్లు చేప ముట్టనివాళ్ళు, పాలు పడనివాళ్ళు, వయసు మీద పడి ఆహారం తగ్గిపోయినవాళ్ళు భోజనంతో కలుపుకోవచ్చు. మెనోపాజ్ దాటినవాళ్ళకి ఎముకల కోసం వాడటానికి కాస్త గట్టి ఆధారమే ఉంది. 2018లో వచ్చిన ఒక పరీక్షలో 130 మంది దాకా స్త్రీలని తీసుకుని, కొందరికి ఏడాది పాటు రోజూ 5 గ్రాముల కొలాజెన్ పెప్టైడ్లు ఇస్తే వాళ్ళ వెన్ను, తుంటి ఎముకల సాంద్రత ఉత్తుత్తి పొడి తాగినవాళ్ళ కంటే మెరుగ్గా ఉంది. అది ఎముక కట్టుబడికి సంబంధించిన ఫలితం. ఖనిజాలు ఎక్కువ పట్టాయని దాని అర్థం కాదు, రెంటినీ కలిపి చెప్పే ప్రకటనని నమ్మొద్దు.

ప్రోటీన్ కోసమని కొనేవాళ్ళూ ఉన్నారు. కొలాజెన్‌లో ట్రిప్టోఫాన్ అనే అవసరమైన అమైనో ఆమ్లం అసలు లేదు. గుడ్డుకి, పప్పుకి ఇది సాటి రాదు.

చేప పడనివాళ్ళకి ఇది పనికిరాదు, వేరే చెప్పాల్సిన పని లేదు. కిడ్నీ జబ్బు ఉన్నవాళ్ళు డాక్టర్ని అడక్కుండా ముట్టొద్దు. కిడ్నీలో రాళ్ళు వచ్చినవాళ్ళకి ఇంకో కారణం కూడా ఉంది. కొలాజెన్‌లో దండిగా ఉండే హైడ్రాక్సీప్రొలీన్ అనే అమైనో ఆమ్లం ఒంట్లో కొంత ఆక్సలేట్‌గా మారి మూత్రంలోకి వస్తుంది. ఎక్కువ రాళ్ళు ఆక్సలేట్‌వే. వాళ్ళు పెరుగన్నంతో సరిపెట్టుకుంటే మంచిది.

కొనేటప్పుడు చూడాల్సినవి

ముందు డబ్బా మీద గుర్తు చూడండి. పచ్చ చుక్క ఉంటే అందులో చేప లేదు, కొలాజెన్ కూడా లేదు. కొలాజెన్ బిల్డర్, బూస్టర్ అని రాసి విటమిన్ సి, బయోటిన్, పండ్ల పొడులు అమ్మేవి అవి. అసలు చేపల కొలాజెన్ మీద ముదురు గోధుమరంగు చతురస్రంలో త్రికోణం ఉంటుంది. శాకాహారులు తెలియక కొని తర్వాత బాధపడేదీ, మాంసాహారులు చేప అనుకుని పండ్ల పొడి తెచ్చుకునేదీ ఇక్కడే.

తర్వాత వెనక పట్టీ. 100 గ్రాములకి ప్రోటీన్ 90కి అటూ ఇటూ ఉండాలి. 50, 60 అని ఉంటే మిగతాది చక్కెరో రుచి పొడో. ఒక స్కూప్‌లో కొలాజెన్ ఎన్ని గ్రాములో చూసి, గ్రాముకి ఎంత పడిందో లెక్క వేయండి, డబ్బా సైజు చూసి మోసపోవద్దు. 14 అంకెల ఆహార భద్రత లైసెన్సు నంబరు, చేప ఉందనే అలర్జీ హెచ్చరిక తప్పనిసరి. సీసం, పాదరసం, ఆర్సెనిక్ పరీక్ష రిపోర్టు అడిగితే ఇచ్చే కంపెనీదే తీసుకోండి. ఇంటికి తెచ్చాక ఒక చెంచా చల్లటి నీళ్ళలో వేసి కలపండి. ఉండకట్టి సాగితే, ఫ్రిజ్‌లో పెట్టినప్పుడు గడ్డకడితే అది పెప్టైడ్ కాదు, మామూలు జెలటిన్. దాని ధర ఇందులో కొంతే.

కాల్షియం కలిపిన కొలాజెన్ అని కూడా వస్తున్నాయి. పెప్టైడ్, ఖనిజం ఒకేచోట ఉండటం వల్ల ఆలోచన సబబే. కాకపోతే అందులో అసలు కాల్షియం ఎన్ని మిల్లీగ్రాములో చూసి, మీరు వేసుకుంటున్న మాత్రతో కలిపి లెక్క కట్టుకోండి. రెండూ పూర్తి మోతాదులో వాడొద్దు.

వేళల పట్టీ

అల్లూరు ఆమెకి థైరాయిడ్ కూడా ఉంది. అన్నీ ఉన్నవాళ్ళకి పనికొస్తుందని ఆమెకి రాసిచ్చిందే ఇక్కడ పెడుతున్నా. డాక్టర్ వేరేగా చెప్పి ఉంటే ఆయన మాటే వినండి.

పొద్దున 6కి పరగడుపున థైరాయిడ్ మాత్ర, ఉత్త నీళ్ళతో. కాల్షియం, ఐరన్ దానికి నాలుగు గంటల దూరంలో ఉండాలి. ఏడున్నరకి టిఫిన్, కాఫీ. 11కి ఐరన్ మాత్ర, నిమ్మరసం పిండిన నీళ్ళతో. కడుపులో మంట అనిపిస్తే ఒక అరటిపండు తిని వేసుకోవచ్చు. ఒంటిగంటన్నరకి అన్నంతో మొదటి కాల్షియం. టీ నాలుగింటికి. రాత్రి 8కి అన్నంతో రెండో కాల్షియం. పొడి ఇప్పటికే కొని ఉంటే ఈ రాత్రి పూటే మజ్జిగలో 5 గ్రాములు కలుపుకుని అన్నంతో తాగండి. మజ్జిగ మరీ పుల్లగా ఉంటే చేప వాసన తెలియదు.